ఐదు మిల్లీమీటర్ల లేఖక దోషం

మా తాతయ్య బండి 1969 మోడల్ బుల్లెట్, 350 సీసీ. రెండేళ్ల కిందట గుడివాడ నుంచి లారీలో వేయించి హైదరాబాద్ తెచ్చి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టాను. ఇంజను జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు, అది మెకానిక్‌కి వదిలేశాను. ట్యాంకూ మడ్‌గార్డులూ పెయింటర్ చూసుకుంటానన్నాడు. ఇక నా వాటాకి హ్యాండిల్ మిగిలింది. ఎంతని, ఒక వంకర గొట్టం, నాలుగు లివర్లు, రెండు స్విచ్చులు. నాలుగు వీకెండ్లలో అయిపోతుందనుకున్నాను. 14 నెలలు పట్టింది. అందులో సగం నేను చేసిన ఒక తప్పుని దిద్దుకోడానికే పోయింది. ఆ తప్పు ఏమిటో చెప్పాలంటే, హ్యాండిల్ మీద ఉన్నవన్నీ అక్కడికి ఎందుకొచ్చాయో ముందు కాస్త చెప్పాలి.

ఇప్పటి బండి మీద చేతులకి పెద్దగా పనిలేదు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది. గాలి ఎంత, పెట్రోలు ఎంత, స్పార్కు ఎప్పుడు పడాలి అన్నవి లోపల ఒక చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. ఒకప్పుడు ఆ కంప్యూటర్ నడిపేవాడి రెండు చేతులే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో మోటర్ సైకిల్ ఎక్కినవాడికి యాక్సిలరేటర్ ఒక లివరు, గాలికి ఇంకో లివరు. స్పార్కుని ముందుకీ వెనక్కీ జరపడానికి ఒకటి. స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్లో ఒత్తిడి వదిలెయ్యడానికి వాల్వ్ ఎత్తే లివరు మరొకటి. ఇవి చాలవన్నట్టు ఇంజనాయిల్ కూడా దారిలో మధ్యమధ్య చేత్తో పంపు కొట్టి పంపాల్సిందే. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక రకంగా, దిగేటప్పుడు ఒక రకంగా, పొద్దున చలిలో ఇంకో రకంగా ఈ లివర్లన్నిటినీ చెవితో విని సర్దుకోవాలి. అమెరికాలో ఇండియన్ అనే కంపెనీ బండ్లకి తిప్పే యాక్సిలరేటర్ చాలా ముందే వచ్చింది. ఇంగ్లిష్ వాళ్లు 1920ల దాకా లివరునే పట్టుకుని కూర్చున్నారు. నేను మొదట ఇది ఛాందసం అనుకున్నాను. కాదు. లివరు పెట్టినచోట ఉంటుంది, చెయ్యి తీసినా బండి అదే వేగంతో పోతుంది. చేతికి ఇంకో మూడు పనులున్నవాడికి అదే సుఖం.

స్పార్కు లివరు సంగతి మరీ చిత్రం. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు స్పార్కు కాస్త ముందుగా పడాలి. కిక్ కొట్టేటప్పుడు ఆలస్యంగా పడాలి. ఆలస్యం చెయ్యడం మర్చిపోయి కిక్ కొడితే ఇంజను వెనక్కి తిరిగి, ఆ కిక్ రాడ్ వచ్చి కాలిని తంతుంది. మడమ విరిగినవాళ్లున్నారు. తర్వాత తిరిగే వేగాన్ని బట్టి బయటికి జరిగే చిన్న బరువులు కనిపెట్టి, ఆ పనిని ఇంజను లోపల పెట్టేశారు. హ్యాండిల్ మీంచి ఒక లివరు పోయింది, దాంతోపాటు మనిషి నేర్చుకోవాల్సిన విద్య ఒకటి పోయింది. మా ఉద్యోగాల్లో దీన్ని అబ్‌స్ట్రాక్షన్ అంటాం, గొప్పగా చెప్పుకుంటాం. పోయిన విద్య గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఇన్ని లివర్లు హ్యాండిల్ మీదికి చేరడానికి వెనక ఒక మామూలు వస్తువుంది. మనం క్లచ్ వైరు, బ్రేక్ వైరు అంటామే, అదే. దానికి పేటెంట్ 1896లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనే ఆయన తీసుకున్నాడు. ఊహ చాలా తేలిక: చుట్టలు చుట్టిన గట్టి గొట్టం లోపల ఒక సన్న తీగల పేట. గొట్టం ఎటు వంగినా లోపలి తీగ లాగిన మేరకి లాగుతుంది. అంతకుముందు చేతి బలం చక్రం దాకా వెళ్లాలంటే తిన్నని కడ్డీలు, కీళ్లు కావాలి. తీగ వచ్చాక చెయ్యి ఒకచోట, పని ఇంకోచోట. సైకిల్ బ్రేకుల కోసం మొదలైనది మోటర్ సైకిల్‌కి నరాల్లా పాకింది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిన రెడ్డిచ్ ఊరికీ ఉక్కు తీగకీ పాత స్నేహమే. ఆ ఊరు సూదులకి పేరు. 1851లో జార్జ్ టౌన్‌సెండ్ అక్కడ పెట్టింది సూదుల కార్ఖానా. అది సైకిళ్లలోకి వెళ్లి, ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి సామాన్లు చేసిన పుణ్యాన ఆ పేరు తగిలించుకుని, 1901లో మొదటి మోటర్ సైకిల్ చేసింది. బుల్లెట్ అనే పేరు 1930ల మొదట్లో వచ్చింది. మనకి తెలిసిన రూపం మాత్రం 1948-49లో. హెడ్‌లైటు, స్పీడోమీటరు, ఆమీటరు, అటూ ఇటూ రెండు చిన్న లైట్లు కలిపి ఒకే గిన్నెలో బిగించిన ఆ మొహం 1954 మోడళ్లకి తగిలించారు. దాన్ని వాళ్లు కాస్కెట్ అన్నారు. ఫ్రెంచిలో టోపీ అని అర్థం.

1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో. త్యాగరాజు త్రిపురసుందరి మీద పంచరత్నాలు కట్టిన తిరువొత్తియూరే. మొదట ఇంగ్లండు నుంచి విడిభాగాలు వస్తే ఇక్కడ బిగించేవాళ్లు. తర్వాత అచ్చులూ పరికరాలూ కూడా వచ్చాయి. 1960ల మొదటికల్లా బండంతా ఇక్కడే తయారైంది. అక్కడేమో 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, 1970తో ఇంగ్లండులో తయారీయే ఆగిపోయింది. 1977లో మద్రాసు బుల్లెట్లు ఇంగ్లండుకి ఎగుమతి అవడం మొదలైంది. అంటే నకలు బతికుండగా అసలు పోయింది, తర్వాత నకలు వెళ్లి అసలు ఇంట్లో కూర్చుంది. బుల్లెట్ విషయంలో ‘ఒరిజినల్’ అన్న మాట ఎవరన్నా నాకిప్పుడు నవ్వొస్తుంది. పని మొదలుపెట్టిన రోజుల్లో మాత్రం ఆ మాటని అందరికంటే ఎక్కువ వాడింది నేనే.

ఎందుకంటే తాతయ్య బండి హ్యాండిల్ చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. డిమ్-డిప్ స్విచ్చి ఏదో స్కూటర్‌ది. హారన్ బటన్ కాలింగ్ బెల్లుది, నిజంగానే, ఇంటి గోడకి బిగించేది. బ్రేక్ లివరు అల్యూమినియం. అది 80లలో మార్చింది అయ్యుండాలి. డీకంప్రెసర్ లివరొక్కటే అసలుది, అరిగిపోయి ఉన్నా.

ఆ డీకంప్రెసర్ గురించి తెలియనివాళ్ల కోసం. ఎడమ బొటనవేలి దగ్గర ఉండే ఈ పొట్టి లివరుని నొక్కితే సిలిండర్ హెడ్‌లో ఒక చిన్న వాల్వ్ తెరుచుకుని ఒత్తిడి బయటికి పోతుంది. తాతయ్య బండి స్టార్ట్ చేస్తే చూడాలి. తాళం తిప్పి కిక్ రాడ్‌ని కాలితో మెల్లగా కిందికి అదిమేవాడు. ఆమీటర్ ముల్లు ఎడమకి వాలేది. ఇంకాస్త అదిమితే ఇంజను బిగుసుకున్నచోట ముల్లు మధ్యకి వచ్చి నిలబడేది. అప్పుడు డీకంప్రెసర్ నొక్కి, వెంట్రుకవాసి ముందుకి జరిపి, వదిలి, కిక్ రాడ్‌ని పైకి రానిచ్చి, ఒకే ఒక్క తన్ను. ముల్లు మధ్యకి రావడమంటే లోపల పాయింట్లు విడివడ్డాయని, పిస్టన్ కొసకొచ్చిందని అర్థం. ఆయన ఇదంతా ఎవరికీ వివరించలేదు. ‘ముల్లు చెప్తుందిరా’ అనేవాడు, అంతే. నేను పల్సర్ అలవాటుతో మొదటిసారి ఆ బండెక్కి బ్రేకనుకుని గేరు తొక్కాను. బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. గేరు ఎడమకే ఉండాలన్నది ప్రకృతి నియమమేం కాదు. 1974లో అమల్లోకి వచ్చిన అమెరికా ప్రభుత్వ భద్రతా నిబంధన అది. అక్కడ అమ్ముకోవాలనుకున్న కంపెనీలన్నీ ఎడమకి మారాయి. మన బుల్లెట్‌కి ఆ తొందర లేదు, దశాబ్దాలపాటు కుడికే ఉండిపోయింది.

ఇక మిగిలింది క్లచ్ లివరు. ఒరిజినల్ అయితే నాజూగ్గా ఒంపు తిరిగి, క్రోమ్ మెరుస్తూ ఉండాలి. దీనికి మాత్రం ఒక మందపాటి ఇనప పట్టీ ఉంది. సుత్తి దెబ్బలు కనపడుతున్నాయి. కొసన గుండు కూడా లేదు, అంచులు ఆకురాయితో నున్నగా గీకి వదిలేశారు. ఎవడో పల్లెటూరి కమ్మరి చేతికొచ్చినట్టు చేసిందనుకున్నాను.

సాహిత్యం మీద నాలుగు వ్యాసాలు రాసినవాణ్ణి కదా, వెంటనే బ్రౌన్ గుర్తొచ్చాడు. కడపలో ఇల్లు కొని, పండితుల్ని జీతానికి పెట్టుకుని, ఊరూరా తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, పాఠాంతరాలు రాయించి, ఏది వేమన పద్యమో ఏది కాదో తేల్చడానికి కూర్చున్న మనిషి. నేనూ సెల్లార్‌లో అదే చేస్తున్నానన్న ఊపు వచ్చేసింది. పాత పార్ట్స్ క్యాటలాగులు ప్రింట్ తీశాను. పుత్లీబౌలి కొట్లు, జుమ్మేరాత్ బజారు, ఆఫీసు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు పుదుపేట, అన్నీ తిరిగాను. స్కూటర్ స్విచ్చి ప్రక్షిప్తం. కాలింగ్ బెల్లు ప్రక్షిప్తం. పట్టీ లివరైతే ప్రక్షిప్తం కూడా కాదు, లేఖక దోషం. చదువురాని లేఖకుడు మూలం అర్థంకాక రాసిన తప్పు.

అలా అనుకోడానికి నా దగ్గర ‘ఆధారం’ కూడా ఉంది. పాత ఇంగ్లిష్ లివర్లలో చూడాల్సింది పొడవు కాదు. లివరు తిరిగే బోల్టు రంధ్రానికీ, వైరు నిపిల్ కూర్చునే రంధ్రానికీ మధ్య దూరం. అప్పట్లో అది రెండు కొలతల్లో దొరికేది: అంగుళంలో 7/8, అంటే 22 మిల్లీమీటర్లు, లేదా ఒక అంగుళం 1/16, అంటే 27. దూరం పెరిగితే వైరు ఎక్కువ లాగుతుంది, కానీ చేతికి బరువు. తగ్గితే తేలిక, కానీ వైరు తక్కువ లాగి క్లచ్ పూర్తిగా విడవదు. మిగిలిన బ్రాకెట్ చూస్తే 27 దగ్గరి లివరు ఉండాల్సిన చోటు. ఈ పట్టీకి 22. పైగా రంధ్రం ఐదు మిల్లీమీటర్లు లోపలికి ఉండటంతో వైరు బ్రాకెట్లోంచి తిన్నగా రాక పక్కకి ఒరుసుకుంటూ వస్తోంది. మా ఇంట్లో క్లచ్ వైరు ఎందుకన్నిసార్లు తెగేదో, తాతయ్య టూల్ బాక్సులో ఎప్పుడూ ఒక స్పేర్ వైరు ఎందుకుండేదో అప్పుడర్థమైంది. బండి నిలబడ్డాక న్యూట్రల్ దొరక్క, ఆగకముందే మడమతో న్యూట్రల్ ఫైండర్ తొక్కే ఆయన అలవాటు కూడా. చిన్నప్పట్నుంచీ చూసిన రెండు అలవాట్లకి ఒకే కారణం దొరికిందన్న సంతోషంలో, నేను ఇంకో ప్రశ్న వేసుకోలేదు.

పని బాగా సాగింది, ఆ మాట ఒప్పుకోవాలి. హ్యాండిల్ గొట్టాన్ని ప్లేటింగ్‌కి ఇచ్చాను. మనవాళ్లు ఇప్పటికీ నికెల్ కొట్టించడం అనే అంటారు. క్రోమ్ 1920ల చివర్లో వచ్చి నికెల్‌ని పక్కకి నెట్టినా, నిజానికి క్రోమ్ కింద నికెల్, దాని కింద రాగి ఉంటాయి కాబట్టి ఆ మాట తప్పేం కాదు. వైరుకి నిపిల్ వేయడం నేనే నేర్చుకున్నాను: తీగల కొసల్ని నిపిల్ లోంచి దూర్చి, పువ్వులా విప్పి, టంకంలో ముంచాలి. విప్పకుండా ఊరికే అతికిస్తే మొదటి ట్రాఫిక్ జామ్‌లోనే ఊడొస్తుంది. నాకు వచ్చింది కూడా. అన్నిటికంటే ఏడిపించింది వైరు బిగువు సర్దే స్క్రూ. అది అంగుళంలో 5/16, అంగుళానికి 26 చుట్లు, పాత ఇంగ్లిష్ సైకిల్ మర. బజార్లో దొరికే 8 మిల్లీమీటర్ల సన్న మర దానికి ఎంత దగ్గరంటే, రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది. తర్వాత బిగుస్తుంది. ఇంకాస్త తిప్పితే బ్రాకెట్ మర తినేస్తుంది. నాకంటే ముందు ఎవరో తిప్పారు.

చివరికి ఆన్‌లైన్‌లో ఒకచోట పాత నమూనా ప్రకారం చేసిన క్రోమ్ క్లచ్ లివరు దొరికింది. 27 మిల్లీమీటర్లు. బిగించాను. వైరు తిన్నగా వచ్చింది. న్యూట్రల్ వేలితో నెట్టినట్టు పడింది. తీసేసిన సామానంతా ఒక సంచీలో వేసి, సెల్లార్‌లో అడ్డంగా ఉందని వాచ్‌మన్ అంటే, పాత ఇనుము వాడికి ఇచ్చెయ్యమన్నాను. అందులో పట్టీ లివరు కూడా ఉంది.

దసరాకి నాన్న వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కి, క్లచ్ పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.

‘ఒరే, చల్లపల్లి లివరేదిరా?’

‘ఏ చల్లపల్లి లివరు నాన్నా?’

‘అదే, దీనికుండాల్సింది.’

దానికొక పేరుందని నాకు తెలీదు. నాన్న చెప్పింది ఇదీ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత సంగతి. దివిసీమలో వేలమంది పోయిన ఉప్పెన. తాతయ్య అప్పుడు రోడ్ల డిపార్ట్‌మెంటులో ఓవర్సీరు. చెట్లు అడ్డంపడ్డ దార్లు తెరిపించడానికి అవనిగడ్డ వైపు వెళ్లమంటే ఈ బండి మీదే వెళ్లాడు. చల్లపల్లి ఇవతల పడిపోయిన తాడిచెట్టు దాటిస్తూ జారి పడ్డాడు. క్లచ్ లివరు విరిగి, ఎడమ అరచెయ్యి అడ్డంగా కోసుకుపోయింది. చల్లపల్లిలో ఒక లేత్ మేస్త్రీ, కరెంటు లేకపోతే ఆయిలింజను మీద నడుపుకుంటున్నవాడు, పట్టీ ఇనుము కోసి లివరు చేశాడు. విరిగిన ముక్కలు పక్కన పెట్టుకునే చేశాడట. రంధ్రం కొట్టేముందు తాతయ్య కట్టు చూసి, ‘ఓవర్సీర్ గారూ, ఈ చేత్తో అంత క్లచ్చి పట్టలేరు. కాస్త లోపలికి కొడతాను, తేలిగ్గా ఉంటది. వైరు మాత్రం త్వరగా తెగుద్ది, ఇంకోటి దగ్గర పెట్టుకోండి’ అన్నాడట.

ఇది నాన్న కళ్లారా చూసింది కాదు. ఆయనకప్పుడు 14 ఏళ్లు, ఇంట్లో ఉన్నాడు. తాతయ్య చెప్పగా విన్నది, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చెప్పుకున్నారో, ఎంత పాలిష్ పట్టిందో. మేస్త్రీ మాటలు అచ్చంగా ఇవేనని నేను ప్రమాణం చెయ్యను. కానీ నా ఫోన్‌లో ఫొటోలున్నాయి. విప్పేముందు ప్రతి ముక్కనీ గ్రాఫ్ పేపర్ మీద పెట్టి తీసినవి. 22 మిల్లీమీటర్లు. విరిగిన ముక్కలు ఎదురుగా పెట్టుకున్నవాడు పొరపాటున ఐదు మిల్లీమీటర్లు తప్పు కొట్టడు. లెక్క వేస్తే చేతి మీద బరువు దాదాపు ఐదో వంతు తేడా. తాతయ్య ఎడమ అరచేతిలో అడ్డంగా ఒక తెల్లటి గీత ఉండేది, నాకు గుర్తే. కొడవలి గీసుకుందేమో అనుకునేవాణ్ణి.

అర్థం కాని పాఠం కనపడితే దిద్దేముందు అది ఎందుకలా ఉందో చూడమని ఏ పరిష్కర్తయినా చెప్తాడు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. దిద్దడమే కాదు, ప్రతినే పారేశాను. ఆ పాత ఇనుము వాణ్ణి పట్టుకుంటే, వాడు పెద్ద కొట్టుకి వేసి వారమైందన్నాడు. పెద్ద కొట్టువాడు నవ్వాడు. అక్కడ గుట్టలుగా పోసిన ఇనుము ముందు నిలబడి ఫోన్‌లో ఫొటో చూపించాను కాబట్టి, ఆ నవ్వు న్యాయమే.

ఆ తర్వాతి నెలలన్నీ దీనికే. ఫొటోల్లోంచి కొలతలు తీసి డ్రాయింగ్ చేశాను. మందం ఒక ఫొటోలోనే సరిగ్గా కనపడుతోంది, అదీ కాస్త పక్కనుంచి. బెజవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్తే, మేస్త్రీ డ్రాయింగ్ చూసి, ‘సార్, ఈ హోలు తప్పు పడింది. బుల్లెట్‌కి ఇంకా బయటికుంటది’ అన్నాడు. తెలుసు, అలాగే కావాలన్నాను. కారణం చెప్పాక ఆయన కాసేపు ఆ కాగితం వంకే చూసి, బ్రాకెట్ కూడా తెమ్మన్నాడు. వైరు వచ్చే కంత అంచుని ఆకురాయితో ఏటవాలుగా గీకి, నిపిల్ రంధ్రంలో ఒక ఇత్తడి బుష్ వేశాడు, అది వైరుతోపాటు తిరుగుతుంది కనక ఒరిపిడి తగ్గుతుందని. 1977లో చల్లపల్లి మేస్త్రీకి అంత తీరిక ఉండి ఉండదు. నేను వద్దందామనుకున్నాను, ఫొటోలో బుష్ లేదు కదా. నాన్న పక్కనే ఉన్నాడు. ‘వెయ్యనీరా, వైరు తెగకపోతే మంచిదేగా’ అన్నాడు.

నాన్నకి ఇప్పుడు వేళ్ల కీళ్లు నొప్పులు. ఆయనకి కావాల్సింది తేలిగ్గా పట్టే క్లచ్. అది చల్లపల్లిదా, బెజవాడదా, రెడ్డిచ్‌దా అన్న పట్టింపు ఆయనకి లేదు, అదంతా నాకే. సంక్రాంతికి గుడివాడలో బండి ఎక్కి, ముల్లు మధ్యకి తెచ్చి, ఒకే తన్నులో స్టార్ట్ చేసి, పామర్రు దాకా వెళ్లొచ్చాడు. వచ్చాక ఎలా ఉందంటే, క్లచ్ బానే ఉందిగానీ హారన్ ముందున్నదే నయం, ఇది గట్టిగా మోగట్లేదన్నాడు.

క్రోమ్ లివరు గుడ్డలో చుట్టి నా బీరువాలో ఉంది. కాలింగ్ బెల్లు కూడా ఆ సంచీలోనే పోయింది. బండి టూల్ బాక్సులో రెండు క్లచ్ వైర్లు పెట్టాను.